‘వికటించింది’ అనే మాట వెనక

తెలుగు పేపర్లలో, ఛానెళ్లలో కాస్మెటిక్ సర్జరీ గురించి వార్త వచ్చిందంటే అందులో ఒక మాట దాదాపు తప్పకుండా ఉంటుంది. ‘వికటించింది’. లైపోసక్షన్ వికటించి యువతి మృతి. వికటించిన హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. ఈ క్రియతో రాసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, దీనికి చేసినవాడు అక్కర్లేదు. పాలు విరిగినట్టు సర్జరీ దానంతట అదే వికటిస్తుంది. కత్తి పట్టింది ఎవరు, ఆ రోజు వాళ్ళకి అది ఎన్నో కేసు, మత్తు డాక్టర్ చివరిదాకా గదిలోనే ఉన్నాడా అన్న ప్రశ్నలు ఆ మాటకు పట్టవు. మిగిలేది ఒక్కటే ప్రశ్న, అదీ పేషెంటుకే: ‘అసలు ఈవిడకి ఇదంతా ఎందుకు?’

2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో 31 ఏళ్ళకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆవిడ లైపోసక్షన్, అంటే ఒంట్లో కొవ్వు తీసే సర్జరీ, చేయించుకున్నారన్న సంగతి బయటికి రాగానే చర్చంతా అటు మళ్ళింది. బరువు ఎందుకు పెరిగింది, అవకాశాలు ఎందుకు తగ్గాయి, తగ్గాలనే పంతం ఎందుకు పట్టింది, ఇవే చర్చ. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయినప్పుడు మరీ అన్యాయం. గుండె ఆగిందనే మొదటి వార్త వచ్చిందో లేదో, ఆవిడ చేయించుకున్న సర్జరీలే కారణమని సోషల్ మీడియా తీర్పు చెప్పేసింది. నీళ్ళలో ప్రమాదవశాత్తు మునిగి చనిపోయారని దుబాయ్ అధికారులు తేల్చాక ఆ తీర్పు చెప్పినవాళ్ళెవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ తేలిన విషయాన్ని వివరించడానికి ఒక తెలుగు ఛానెల్ ప్రతినిధి ఏకంగా బాత్‌టబ్‌లోకి దిగాడు, అది వేరే కథ.

ఈ రెండు ఉదంతాల్లోనూ కాస్మెటిక్ సర్జరీ కోసం విమానమెక్కి వేరే దేశం వెళ్ళిన ముచ్చట లేదు. అయినా ఇక్కడి నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. అందం కోసం పరాయి దేశానికి వెళ్ళి సర్జరీ చేయించుకునేవాళ్ళ గురించి ప్రపంచమంతా వచ్చే వార్తలు కూడా సరిగ్గా ఇదే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఆ అచ్చుకు రెండే ముఖాలు. ఒకటి క్లినిక్ వాళ్ళ ‘ముందు–తర్వాత’ ఫొటో. రెండోది పత్రిక వాళ్ళ ‘ముందు–తర్వాత’ ఫొటో. మొదటిదాంట్లో తర్వాతి బొమ్మ నవ్వుతుంటుంది, రెండోదాంట్లో కట్లు కట్టి ఏడుస్తుంటుంది. మధ్యలో జరిగింది రెండింట్లోనూ ఉండదు.

అసలు అబద్ధానికి కూడా ఈ అచ్చు ఎంత బాగా పనికొస్తుందో ఒక ఫొటో చెబుతుంది. మీరూ వాట్సాప్‌లో చూసే ఉంటారు. సోఫాలో అందమైన భార్యాభర్తలు, వాళ్ళ పక్కన చిన్న కళ్ళు, చప్పిడి ముక్కులతో ముగ్గురు పిల్లలు. భార్య పెళ్ళికి ముందు దక్షిణ కొరియాలో లక్ష డాలర్లు పోసి ముఖం మార్పించుకుందట, పిల్లలు పుట్టాక గుట్టు బయటపడిందట, చైనాలో ఆ భర్త కోర్టుకెళ్ళి గెలిచాడట. కథకు ఆధారం లేదు. ఫొటో మాత్రం నిజంగానే తీసింది, 2012లో తైవాన్‌లోని ఒక క్లినిక్ ప్రకటన కోసం. పిల్లల కళ్ళు, ముక్కులు కంప్యూటర్లో మార్చినవి. పిల్లలకు ఏం సర్దిచెప్పుకోవాలన్నదే మీకున్న ఏకైక దిగులు అన్న ధోరణిలో ఆ ప్రకటన సాగుతుంది. దాన్ని ఎవరో ఆ పాత పుకారుకు అతికించారు. అది దేశాలు దాటింది. ఆ మోడల్ 2015లో మీడియా ముందుకొచ్చి, తనకు పనులు దొరకడం మానేశాయని, జనం తను నిజంగానే ముఖం మార్పించుకున్నదని నమ్ముతున్నారని కన్నీళ్ళు పెట్టుకుంది. క్లినిక్ ప్రకటన ఒక్క గీత కూడా మారకుండా భయపెట్టే వార్తగా మారిపోయిందంటే, ఆ రెండూ ఎంత దగ్గరి చుట్టాలో ఆలోచించండి.

ఇంతకీ వెళ్ళేదెవరు? డబ్బు ఎక్కువై, పని తక్కువైనవాళ్ళని మన ఊహ. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు, సిడ్నీ పరిశోధకులు కలిసి కొన్నేళ్ళపాటు ఇలాంటి పేషెంట్ల వెంట స్పెయిన్, పోలండ్, ట్యునీషియా, థాయిలాండ్, దక్షిణ కొరియా లాంటి చోట్లకు వెళ్ళి చూశారు. వాళ్ళకు కనిపించింది ఎక్కువగా మామూలు జీతగాళ్ళు. స్వదేశంలో ఆ ఖర్చు భరించలేనివాళ్ళు, దాచుకున్న డబ్బుతోనో అప్పుతోనో బయల్దేరినవాళ్ళు. కాన్పుల తర్వాత సాగిన పొట్ట, బాగా బరువు తగ్గాక వేలాడే చర్మం, ఇలాంటివి వాళ్ళ కారణాలు. బాగా డబ్బున్నవాళ్ళకు విమానం ఎక్కాల్సిన అవసరం ఉండదు, ఇంటి పక్కనే ఖరీదైన డాక్టర్ ఉంటాడు.

ఇంకో వర్గం కూడా ఉంది, వీళ్ళను వార్తలు దాదాపు పట్టించుకోవు. పుట్టినూరికి వెళ్ళి పని చేయించుకునేవాళ్ళు. న్యూయార్క్‌లో ఉండే డొమినికన్లు సర్జరీ కోసం తమ కరేబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్ రాజధాని సాంటో డొమింగో వెళతారు, భాష తెలుసు, చూసుకోవడానికి పిన్నులూ అత్తలూ ఉంటారు. ఇది చదువుతుంటే డాలస్ నుంచి డిసెంబర్‌లో దిగే మన బాబాయి గుర్తుకురాలేదూ? అమెరికాలో పళ్ళ ఇన్సూరెన్స్ చాలా ప్లాన్లలో ఏడాదికి 1,000–2,000 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. రెండు రూట్ కెనాళ్ళు, మీద క్యాపులు అంటే అది హుష్ కాకి. అందుకే హైదరాబాద్ ప్రయాణం లిస్టులో పెళ్ళి పట్టుచీరలతో పాటు పళ్ళ పని, కళ్ళ లేజర్, ఈ మధ్య నెత్తిమీద జుట్టు కూడా చేరాయి. మా చుట్టాల్లో ఒకాయన మూడు వారాల సెలవులో పళ్ళ ఇంప్లాంట్లు, మేనకోడలి పెళ్ళి, తిరుపతి అన్నీ ముగించుకుని వెళ్ళాడు. ఆయన్ని ‘కాస్మెటిక్ టూరిస్టు’ అని ఎవరైనా అంటే కర్ర తీసుకుంటాడు. కానీ లండన్ పత్రిక రాసే కథలో సర్జరీకి టర్కీలోని ఇస్తాంబుల్ వెళ్ళే ఆవిడకీ ఆయనకీ తేడా ఎక్కడుంది?

ఇస్తాంబుల్ అన్నాం కాబట్టి కాసేపు అక్కడ ఆగుదాం. ఆ ఎయిర్‌పోర్టులో జుట్టు నాటించుకుని, నుదుటికి నల్లటి బ్యాండు, నెత్తిమీద ఎర్రటి చుక్కలతో గుంపులుగా తిరిగే మగవాళ్ళు మామూలు దృశ్యం. టర్కిష్ ఎయిర్‌లైన్స్‌ను టర్కిష్ ‘హెయిర్‌లైన్స్’ అని జోకులేసే స్థాయికి వచ్చింది. ఒక్క 2021లోనే డాలర్ మీద టర్కీ లీరా విలువ 40 శాతానికి పైగా పడిపోయింది, విదేశీ జేబుకు అంతా చవకైంది. ప్రభుత్వం వైద్య పర్యాటకాన్ని ఎగుమతి రంగంలా చూసి, 2019లో దానికోసం ఒక సర్కారీ సంస్థనే పెట్టింది. హోటల్, కారు, దుభాషి, ఆపరేషన్ అన్నీ కలిపి అమెరికాలో అయ్యే ఖర్చులో చిన్న భాగానికే వస్తాయి.

జుట్టు నాటే పని ఎలా జరుగుతుందంటే, తల వెనక భాగంలో ఉండే జుట్టు బట్టతల తెచ్చే హార్మోన్‌కు సులభంగా లొంగదు. అక్కడి నుంచి ఒక మిల్లీమీటరు లోపు వెడల్పుండే గొట్టపు పంచ్‌తో ఒక్కో కుదురూ తోడుతారు. దీన్ని గ్రాఫ్ట్ అంటారు, ఒక్కోదాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. ఒక సిట్టింగ్‌లో రెండున్నర వేలు, మూడు వేలు, కొన్నిచోట్ల నాలుగు వేలు కూడా తీస్తారు. ముందు భాగంలో చిన్న చిన్న రంధ్రాలు చేసి, వెంట్రుక ఏ వాలులో మొలవాలో చూసుకుని ఒక్కొక్కటీ నాటుతారు. వరినాట్లే అనుకోండి, కాకపోతే ఇక్కడ నారుమడి ఒక్కటే, అది మళ్ళీ పెరగదు. వెనక నుంచి ఎక్కువ తోడేస్తే అక్కడ చిమ్మెటలు కొట్టిన ఉన్నిశాలువాలా తయారవుతుంది, రెండోసారి సరిచేద్దామన్నా సరుకుండదు. నాటిన వెంట్రుకలు రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. మళ్ళీ మొలవడం మూడు నాలుగు నెలలకు, అసలు ఫలితం తేలేది ఏడాదికి. అంటే పేషెంటు ఎయిర్‌పోర్టు నుంచి పెట్టే సెల్ఫీ రుజువు చేసేది ఏమీ లేదు. ఆ సెల్ఫీకే లైకులు.

ఆరేడు గంటల ఈ పనిని ఒకే డాక్టర్ రోజుకు ఎందరికి చేయగలడు? ఒకరికి, మహా అయితే ఇద్దరికి. ఫ్యాక్టరీలా నడిచే క్లినిక్‌లలో అంతకన్నా ఎన్నో రెట్లు కేసులు పడతాయి. మరి పంచ్ ఎవరి చేతిలో ఉన్నట్టు? టెక్నీషియన్ల చేతిలో. జుట్టు మార్పిడి డాక్టర్ల అంతర్జాతీయ సంఘం చాలా ఏళ్ళుగా మొత్తుకుంటున్నది దీని మీదే. చెడిపోయిన తలలను ఉచితంగా సరిచేసి చూపడానికి నవంబర్ 11ను ఒక ‘రిపేర్ డే’గా కూడా పెట్టుకుంది. మన దగ్గరా తేడా లేదు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థే జుట్టు నాటించుకోవడానికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2022లో జాతీయ మెడికల్ కమిషన్ ఈ పని ఎవరు చేయొచ్చో మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని రాయాల్సి వచ్చింది. ఒక నియమం అంత విడమరిచి చెప్పిందంటే అలా నేర్చుకున్నవాళ్ళు ఉన్నారనేగా.

మీడియా దృష్టిలో మాత్రం మగవాడి జుట్టు కథ హాస్యం, ఆడవాళ్ళ కొవ్వు కథ విషాదం. బట్టతల మీద జోకు వేసి వదిలేస్తారు. పొట్ట తగ్గించుకోవడానికి వెళ్ళిన తల్లి చనిపోతే ‘పిల్లల్ని వదిలేసి’ అన్న ముక్క శీర్షికలోకి వచ్చి కూర్చుంటుంది.

మెక్సికో సరిహద్దులో మటమోరోస్ అని ఒక ఊరుంది, నది దాటితే అమెరికా. 2023 మార్చి 3న నలుగురు అమెరికన్లు ఆ ఊళ్ళోకి కారులో వెళ్ళారు, వాళ్ళలో ఒకావిడ పొట్ట తగ్గించే ఆపరేషన్‌కని. దారిలో ముఠా కాల్పులు జరిపి వాళ్ళను ఎత్తుకుపోయింది, ఇద్దరు చనిపోయారు. ట్రక్కులో పడేస్తున్న వీడియో ప్రపంచమంతా తిరిగింది. ‘సర్జరీకని వెళ్ళి చావు కొనితెచ్చుకున్నారు’ అన్న వ్యాఖ్యానాలు సరేసరి. అదే ఏడాది, అదే ఊళ్ళో రెండు క్లినిక్‌లలో వెన్నులోకి మత్తు ఇంజెక్షన్ తీసుకుని కాస్మెటిక్ సర్జరీలు చేయించుకున్నవాళ్ళకు ఆ సూదితో పాటు ఒక రకం ఫంగస్ వెన్ను నీటిలోకి చేరింది. ఇంటికెళ్ళిన రోజులకో, కొందరికి వారాలకో తలనొప్పి మొదలైంది. మెదడు పొరల వాపు. అమెరికా వాసుల్లో 12 మంది చనిపోయారు. మే నెలలో ఆ క్లినిక్‌లు మూతపడ్డాయి. ముఠా దాడిలో పోయినవాళ్ళ కన్నా ఆరు రెట్లు మంది ఇక్కడ పోయారు. కానీ ఈ వార్త మీకు తెలుసా? దీనికి వీడియో లేదు. తుపాకీ ఉంటే ఎవరు కాల్చారని అడుగుతారు, సూది ఉంటే వికటించిందంటారు.

ఇప్పుడు బీబీఎల్ దగ్గరికి. పొట్ట, నడుము నుంచి తీసిన కొవ్వును పిరుదుల్లో నింపే సర్జరీ. పూర్తి పేరు బ్రెజిలియన్ బట్ లిఫ్ట్. 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలు కలిసి హెచ్చరించేనాటికి దీనిలో సుమారు 3,000 మందికి ఒకరు చనిపోతున్నారన్న అంచనా ఉంది. అప్పట్లో అందం కోసం చేసే ఏ ఇతర సర్జరీలోనూ ఇంత ప్రాణహాని లేదు. కారణం తెలిసిందే. పిరుదు కండరం లోపల లావుపాటి సిరలుంటాయి. కొవ్వును ఎక్కించే గొట్టం చర్మం కింది పొరలోనే తిరగాలి. కొన ఒక్క రెండు సెంటీమీటర్లు లోతుకు దిగి కండరంలోకి పోయిందా, చిరిగిన సిరలోకి కొవ్వు జారి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి చేరి అడ్డుపడుతుంది. అప్పటికప్పుడు టేబుల్ మీదే పోవచ్చు. కాబట్టి సర్జన్ల సంఘాలు చెప్పింది చిన్న మాట: కండరంలోకి వెళ్ళకండి. బ్రిటన్ సంఘమైతే అసలు ఈ సర్జరీయే చేయొద్దని తన సభ్యులకు చెప్పి, నాలుగేళ్ళ తర్వాత అల్ట్రాసౌండ్‌లో గొట్టం కొన చూసుకుంటూ పైపొరలోనే నింపేట్టయితే సరేనంది.

అంటే ప్రమాదం ఉన్నది దేశంలో కాదు, సర్జన్ మణికట్టులో. అలసిన మణికట్టులో మరీను. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2009 నుంచి 2022 దాకా డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ సర్జరీ తర్వాత చనిపోయిన తమ పౌరులను 93 మందిగా లెక్కతేల్చింది. మొదటి పదేళ్ళలో ఏడాదికి సగటున నలుగురు, చివరి నాలుగేళ్ళలో ఏడాదికి 13 మంది. వివరాలు పరిశీలించిన మరణాల్లో ఎక్కువ భాగం ఇలా కొవ్వో, గడ్డకట్టిన రక్తమో ఊపిరితిత్తుల్లో అడ్డుపడటం వల్లే. చాలామందికి ఒకే రోజు రెండు మూడు సర్జరీలు కలిపి చేశారు. ఈ వార్త అంతటా ‘విదేశీ సర్జరీల ప్రమాదం’గానే వచ్చింది. కానీ అమెరికాలోనే దక్షిణ ఫ్లోరిడాలో 2010–2022 మధ్య ఈ ఒక్క బీబీఎల్‌తోనే 25 మంది చనిపోయారు. అక్కడికీ పక్క రాష్ట్రాల నుంచి చవక ప్యాకేజీలు చూసుకుని విమానాల్లో దిగుతారు, పాస్‌పోర్ట్ మాత్రం అక్కర్లేదు. చివరికి 2022 జూన్‌లో ఫ్లోరిడా మెడికల్ బోర్డు, ఒక సర్జన్ రోజుకు మూడుకు మించి బీబీఎల్‌లు చేయకూడదని అత్యవసర నియమం పెట్టింది. మూడు అని పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎన్ని చేస్తున్నారో!

93 అన్న అంకె మీద ఇంకో మాట. ఎన్ని వేల మందిలో 93? పైన ఉన్న అంకె చెప్పి కింద ఉన్న అంకె చెప్పకపోతే అది భయపెట్టగలదు తప్ప ఏమీ చెప్పదు. టూరిస్టులుగా వెళ్ళి వచ్చినవాళ్ళను ‘సర్జరీ’ అనే గడిలో ఎవరూ రాసుకోరు. చనిపోయినవాళ్ళు మాత్రం రాయబారి కార్యాలయం లెక్కలోకి వస్తారు. 2024లో టర్కీలో వైద్యం తర్వాత ఆరుగురు తమ పౌరులు చనిపోయారని బ్రిటన్ ప్రయాణ సూచనల్లో రాస్తుంది. అది నిజం. దాని పక్కన లండన్‌లో ఎందరు అని అడగకుండా శీర్షిక పెట్టడం సగం నిజం.

అలాగని విదేశం వెళ్ళడంలో ప్రత్యేకంగా ఏ ముప్పూ లేదనడం కూడా సగం నిజమే. ఉంది, అయితే అది ఆపరేషన్ బల్ల మీద కాదు, ఆ తర్వాతి వారాల్లో. పెద్ద సర్జరీ తర్వాత కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది, కదలకుండా గంటల తరబడి విమానంలో కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. ఛాతీ, పొట్ట సర్జరీ అయితే కనీసం 10 రోజులు, ముఖానికైతే 7 నుంచి 10 రోజులు విమానం ఎక్కొద్దని సీడీసీ సలహా. ప్యాకేజీలో హోటల్ గది ఎన్ని రాత్రులుందో చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఇక పుండు సంగతి. 2003–04లో డొమినికన్ రిపబ్లిక్‌లో సర్జరీ చేయించుకుని వచ్చిన 12 మంది అమెరికన్ మహిళలకు వారాల తర్వాత కుట్ల దగ్గర గడ్డలు లేచాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు, మామూలు పరీక్షలో సూక్ష్మజీవి కనపడలేదు. అది టీబీ క్రిమికి దూరపు చుట్టం, నీళ్ళలో బతికేది. దానికి నెలల తరబడి మందులు వాడాలి. చీము పట్టిన రోజున ఆపరేషన్ చేసినాయన వేల మైళ్ళ దూరంలో ఉన్నాడు, ఊళ్ళోని డాక్టర్‌కు లోపల ఏం చేశారో చెప్పే కాగితం లేదు. వాట్సాప్‌లో ఫొటో పంపితే ‘నార్మలే, టెన్షన్ పడొద్దు’ అని జవాబు. సర్జరీకి ముందు నిమిషాల్లో జవాబిచ్చిన నంబరది. చాలాసార్లు అది డాక్టర్ నంబరు కాదు, కమిషన్ మీద పేషెంట్లను తెచ్చే ఏజెంటుది. ఇంత పెద్ద కథలో ఈ ఏజెంటు దాదాపు ఏ వార్తలోనూ కనపడడు.

మీడియా సరైన ప్రశ్న పట్టుకుంటే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. చైనా నుంచి, ఆగ్నేయాసియా నుంచి ముఖాలు చెక్కించుకోవడానికి జనం వచ్చే సియోల్‌లోని గంగ్‌నమ్‌లో ‘దెయ్యం డాక్టర్లు’ అన్న మాట పుట్టింది. సంప్రదింపులకు పేరున్న సర్జన్ కూర్చుంటాడు, పేషెంటుకు మత్తు ఎక్కాక ఇంకెవరో వచ్చి కోస్తారు. 2016లో ఒక కుర్రాడు అక్కడ దవడ సర్జరీకి వెళ్ళి, రక్తం ఆగక, కొన్ని వారాల తర్వాత చనిపోయాడు. అతను కొరియావాడే. వాళ్ళమ్మ ఆపరేషన్ గది సీసీటీవీ రికార్డింగ్ సంపాదించి, గంటల నిడివి ఉన్న దాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. ఏ క్షణంలో ఎవరు లోపలికొచ్చారు, ఎవరు బయటికెళ్ళారు, పెద్ద డాక్టర్ వెళ్ళిపోయాక కొత్తగా చదువు ముగించిన ఇంకొకతను ఎంతసేపు ఉన్నాడు, డాక్టర్లెవరూ లేకుండా నర్సింగ్ సహాయకులు ఒక్కరే ఎంతసేపు రక్తాన్ని ఒత్తిపట్టారు, నేల ఎన్నిసార్లు తుడిచారు, అన్నీ రాసుకుంది. ఆ జాబితా పట్టుకుని కోర్టు ముందు, పార్లమెంటు ముందు నిలబడింది. పత్రికలు ఆమె వెనక నిలబడ్డాయి. 2021లో క్లినిక్ అధిపతికి మూడేళ్ళ జైలు పడింది, అదే ఆగస్టులో ఆపరేషన్ గదుల్లో కెమెరాల చట్టం ఆమోదం పొందింది. 2023 సెప్టెంబర్ 25 నుంచి అది అమల్లో ఉంది.

ఆ చట్టం స్పృహ లేని పేషెంట్లకు మాత్రమే, అదీ అడిగితేనే. జుట్టు నాటించుకునేవాడికి చర్మం మొద్దుబారేందుకు ఇంజెక్షన్ ఇస్తారంతే, మెలకువగానే ఉంటాడు. కాబట్టి అలాంటి చట్టం రేపు ఇస్తాంబుల్‌లో వచ్చినా, మన అమీర్‌పేటలో వచ్చినా అతనికి వర్తించదు. అతను బోర్లా పడుకుని, బల్లకున్న రంధ్రంలోంచి నేలను చూస్తూ ఉంటాడు. వెనక పంచ్ పట్టుకున్నది ఎవరో అతనికి కనపడదు, కనపడేవి చెప్పులు మాత్రమే.